మన మేయరును ఎవరు ఎన్నుకున్నారు?

కాకినాడలోని ఒక శాఖా గ్రంథాలయంలో 2025 జూన్‌లో జరిగిన సాయంత్రపు సభలో, పురపాలక సంఘం కౌన్సిల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. అమ్మా, మీరు కూడా రండి. మబ్బు పట్టింది, వాన మొదలైతే ఈ రేకుల కింద నా మాట మీకు వినిపించదు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. పైకి చెప్పకండి, మనసులోనే చెప్పుకోండి. మీరు ఉంటున్న ఇల్లు ఏ డివిజన్‌లో ఉంది? ఆ డివిజన్‌కు చివరిసారి కార్పొరేటరుగా గెలిచింది ఎవరు? సరే, అది వదిలేయండి. కాకినాడకు చివరి మేయరు ఎవరు? ఆమెను ఎవరు ఎన్నుకున్నారు? మీరు ఎన్నుకున్నారా?

ఎవరు ఎన్నుకున్నారు? ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఈ ఒక్క ప్రశ్న గురించే.

నేను రాజకీయ నాయకుణ్ణి కాదు. ఏ పార్టీ సభ్యత్వమూ లేదు. నా ఉద్యోగం కౌన్సిల్ విభాగంలో. సమావేశానికి ముందు ఎజెండా తయారు చేయడం, దాన్ని ప్రతి సభ్యుడి ఇంటికీ పంపి అందినట్టు సంతకం తీసుకోవడం, సమావేశంలో ఒక మూల కూర్చుని ఎవరు ఏమన్నారో రాసుకోవడం, తర్వాత తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించడం. ముప్పై ఏళ్లు చేసింది ఇదే. ఏ ఊళ్లో అని అడగకండి, చెప్పను. అక్కడ నాతో పనిచేసిన వాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఆ మూల కుర్చీలోంచి చూసిన వాడిగా చెబుతున్నాను. మేయరు కుర్చీ బయటికి ఎంత ఎత్తుగా కనిపిస్తుందో, దాని కింద నేల అంత పల్చన.

ఇక మన ఊరి కథకు వద్దాం. 2010లో కాకినాడ కౌన్సిల్ గడువు ముగిసింది. ఆ తర్వాత ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? 2017లో. ఏడేళ్లు. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చింది, ఊరికి మాత్రం కౌన్సిల్ లేదు. ఆ ఏడేళ్ల మధ్యలోనే, 2016 జనవరిలో, దేశంలో తొలి విడతగా ఎంపికైన ఇరవై స్మార్ట్ నగరాల జాబితాలో కాకినాడ పేరు వచ్చింది. ఎంత పెద్ద విషయం! కానీ ఆ రోజు ఈ నగరం తరఫున మాట్లాడటానికి ప్రజలు ఎన్నుకున్న మేయరు లేరు, కార్పొరేటరూ లేరు.

2017 ఆగస్టు 29న పోలింగు జరిగింది. మీలో చాలామంది ఓటు వేసి ఉంటారు. 48 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. సెప్టెంబరు ఒకటిన లెక్కించారు. తెలుగుదేశానికి 32, దాని మిత్రపక్షం భారతీయ జనతా పార్టీకి 3, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 10, స్వతంత్రులకు 3. ఈ 32 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. 48లో మూడింట రెండు వంతులు సరిగ్గా 32. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అదే నెలలో సుంకర పావని మేయరుగా ఎన్నికయ్యారు. ఎలా ఎన్నికయ్యారు? ఇక్కడ కాస్త నిదానంగా వినండి. మీరు ఓటు వేసింది మీ డివిజన్ కార్పొరేటరుకు. గెలిచిన కార్పొరేటర్లందరూ ఒక హాలులో కూర్చున్నారు. వారితో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే తమ పదవి రీత్యా సభ్యులుగా, ఎమ్మెల్యేలు, ఎంపీ కూడా కూర్చున్నారు. వారికీ ఓటు ఉంటుంది. అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తారు, బలపరుస్తారు, చేతులెత్తమంటారు, చేతులు లెక్కపెడతారు. బ్యాలెట్ పత్రం లేదు, పెట్టె లేదు. ఎవరు ఎటు చేయెత్తాలో ముందే పార్టీ విప్ జారీ చేస్తుంది. మేయరు అభ్యర్థి పేరు పార్టీ పెద్దల దగ్గర నుంచి కవరులో వస్తుంది. నేను చూసిన ప్రతి ఎన్నికలోనూ ఆ కవరు తెరిచేదాకా హాలులో కూర్చున్న కార్పొరేటర్లకే మేయరు ఎవరో తెలియదు. వాళ్లకే తెలియనప్పుడు, ఓటు వేసిన రోజు మీకెలా తెలుస్తుంది?

ఇప్పుడు 2021కి వద్దాం. మధ్యలో ఏం జరిగింది? 2019లో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కాకినాడ కార్పొరేషన్‌కు మాత్రం సాధారణ ఎన్నిక ఏదీ జరగలేదు. కౌన్సిల్ అదే. కార్పొరేటర్లు వాళ్లే. కానీ తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన వారిలో చాలామంది వైఎస్సార్ కాంగ్రెస్ వైపు నడిచారు. 2021 అక్టోబరు 5న మేయరు మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. అది నెగ్గింది. పావని పదవి పోయింది. అదే నెల 25న సుంకర శివప్రసన్న కొత్త మేయరుగా ఎన్నికయ్యారు.

అక్టోబరే ఎందుకు? అంతకు ముందు ఎందుకు కాదు? చట్టంలో ఒక తాళం ఉంది. మేయరు బాధ్యతలు తీసుకున్న నాలుగేళ్ల దాకా అవిశ్వాసం నోటీసు ఇవ్వడానికి వీల్లేదు. నాలుగేళ్లు నిండాక సగం మందికి తగ్గకుండా సంతకాలు చేసి కలెక్టరుకు నోటీసు ఇవ్వాలి. మూడింట రెండు వంతుల మంది మద్దతు కావాలి. 2017 సెప్టెంబరుకు నాలుగేళ్లు కలిపితే 2021 సెప్టెంబరు. తాళం ఎప్పుడు ఊడిందో, తీర్మానం ఎప్పుడు వచ్చిందో మీరే చూడండి.

ఇప్పుడు ఆ 32 దగ్గరికి వస్తాను. 2017లో మూడింట రెండు వంతుల సీట్లతో ఒక పార్టీని ఈ ఊరి ప్రజలు గెలిపించారు. 2021లో అదే కౌన్సిల్, మూడింట రెండు వంతుల బలంతోనే, ఆ పార్టీ మేయరును దించేసింది. ఈ రెండు తేదీల మధ్య కాకినాడ ప్రజల అభిప్రాయం మారిందా? మారి ఉండవచ్చు, మారకపోయి ఉండవచ్చు. కానీ ఎవరైనా మిమ్మల్ని అడిగారా? నేను అడిగేది ఇది. ఎవరైనా అడిగారా?

ఒక పార్టీని తప్పుపట్టి ఇంకొక పార్టీని మెచ్చుకోవడానికి నేను ఇక్కడికి రాలేదు. మొన్న ఏప్రిల్‌లో విశాఖపట్నంలో ఏం జరిగిందో అందరూ చూశారు. అక్కడ 2021 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గొలగాని హరి వెంకట కుమారి మేయరయ్యారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. నాలుగేళ్లు నిండిన మరుసటి నెలలోనే, 2025 ఏప్రిల్ 19న, అవిశ్వాస తీర్మానం నెగ్గింది. 74 మంది మద్దతిచ్చారు. పార్టీలు అటూ ఇటూ మారాయి, పద్ధతి మాత్రం కాకినాడదే. అసెంబ్లీ ఎన్నిక మేయరు కుర్చీని కదిలిస్తోంది. మరి నగర ఎన్నిక ఎందుకు పెట్టుకున్నట్టు?

ఒక పెద్దాయన నన్ను బయట అడిగారు. ఫిరాయింపుల చట్టం లేదా అని. రాజ్యాంగంలోని పదో షెడ్యూలు పార్లమెంటుకు, శాసనసభలకు మాత్రమే వర్తిస్తుంది. మన కౌన్సిళ్లకు వర్తించదు. ఇక్కడ ఉన్నది పార్టీ విప్. మేయరు ఎన్నిక రోజున, అవిశ్వాసం రోజున విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. కానీ అది తేలేసరికి ఫిర్యాదులు, విచారణలు, కోర్టులు దాటాలి. ఈలోగా కౌన్సిల్ గడువే ముగిసిపోతుంది.

పావనిగారి ఎన్నికల చరిత్ర రాయమంటే నేను ఎన్ని పంక్తులు రాయగలను? ఒక డివిజన్‌లో గెలుపు. హాలులో చేతులు లేచిన ఒక రోజు. హాలులో చేతులు లేచిన ఇంకొక రోజు. ఆమెకు ముందు వచ్చిన వారిదీ, తర్వాత వచ్చిన వారిదీ అంతే. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరానికి మొదటి పౌరురాలు. ఆ మూడు లక్షల మంది ఆమె గురించి ఒక్కసారి కూడా అవుననో కాదనో చెప్పలేదు. ఆమె మంచి మేయరా కాదా అన్నది నేను చెప్పను. చెప్పాల్సింది మీరు. మీకు ఆ అవకాశమే రాలేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. ఈ హాలులో నలభై అయిదు దాటిన వాళ్లకు గుర్తుండాలి. 1995లో, 2000లో మీ చేతిలో రెండు ఓట్లు ఉండేవి. ఒకటి వార్డు సభ్యుడికి, రెండోది నేరుగా మునిసిపల్ చైర్మన్‌కో మేయరుకో. విజయవాడ చూడండి. 1995లో నేరుగా ప్రజల ఓటుతో కమ్యూనిస్టు పార్టీకి చెందిన టి. వెంకటేశ్వరరావు మేయరయ్యారు. 2000లో అదే ఊళ్లో పంచుమర్తి అనూరాధ తెలుగుదేశం తరఫున గెలిచారు. అప్పటికి ఆమెకు పట్టుమని ముప్పై ఏళ్లు లేవు. ఊరంతా ఓటేసింది, ఊరంతా మార్చింది. 2005 నాటికి పద్ధతి మారిపోయింది, కార్పొరేటర్లే ఎన్నుకునే విధానం వచ్చింది.

నేరుగా ఎన్నుకుంటే అంతా బాగుంటుందని నేను అనను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. నేను పనిచేసిన ఊళ్లో ఒకసారి చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్‌లో ఎక్కువ మంది ఇంకొక పార్టీ. ఎజెండా పంపితే సగం మంది సంతకం పెట్టి తీసుకునేవారు కాదు. సమావేశం మొదలైన పది నిమిషాలకే అందరూ లేచి వెళ్లిపోయేవారు. మంచినీటి పైపుల అంశం మూడు ఎజెండాల్లో వరుసగా వాయిదా పడింది. నేనే రాశాను, ‘వాయిదా’, ‘వాయిదా’, ‘వాయిదా’ అని. అయినా ఆ చైర్మన్ వీధిలో నడుస్తుంటే జనం ఆపి అడిగేవారు. “నీకు ఓటేశాం, నీళ్లేవి?” అని. ఆయన తప్పించుకోలేకపోయేవారు. ఆ అడిగే హక్కు ఇప్పుడు మనకు లేదు.

ఏలూరు మాట చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మనకు పడమటి దిక్కున, గోదావరి కాలువ, కృష్ణా కాలువ వచ్చి కలిసే ఊరు. అక్కడ షేక్ నూర్జహాన్ రెండుసార్లు మేయరుగా ఎన్నికయ్యారు. 2014లో తెలుగుదేశం తరఫున. 2019 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. 2021లో ఆ పార్టీ తరఫున మళ్లీ మేయరయ్యారు. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి తెలుగుదేశంలోకి వచ్చారు.

2021లో ఏలూరు ఎన్నిక ఎలా జరిగిందో విన్నారా? అది వినాల్సిన కథ. ఓటర్ల జాబితా మీద హైకోర్టులో వివాదం. పోలింగుకు అనుమతి వచ్చింది గానీ లెక్కింపుకు రాలేదు. మార్చి 10న జనం వరుసల్లో నిలబడి బ్యాలెట్ పత్రాల మీద ముద్ర వేశారు. పెట్టెలకు సీలు వేసి గదిలో పెట్టారు. మిగతా ఊళ్లలో నాలుగు రోజులకే లెక్కించారు. ఏలూరు పెట్టెలు మాత్రం అలాగే ఉండిపోయాయి. మార్చి వెళ్లింది, ఏప్రిల్ వెళ్లింది, మే వెళ్లింది, కరోనా రెండో దశ ఊళ్లను ఊడ్చుకుపోయింది. ఓటేసిన వాళ్లలో కొందరు తమ ఓటు లెక్కలోకి వెళ్లకముందే కన్నుమూసి ఉంటారు. చివరికి జూలై 25న పెట్టెలు తెరిచారు. 137 రోజులు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది. ఎన్నికల విధుల్లో పెట్టెలకు లక్క వేసి సీలు కొట్టిన చేతులు నావి. ఆ సీలు కింద ఉన్నది కాగితం కాదు, మనిషి మాట.

లెక్కించగా 50 డివిజన్లలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 47, తెలుగుదేశానికి 3. జూలై 30న నూర్జహాన్ మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

పార్టీ మారారని ఆమెను తప్పుపట్టడం తేలిక. చాలామంది పట్టారు కూడా. నేను ఆ మూల కుర్చీలోంచి చూసిన వాడిగా ఇంకొక మాట చెప్పాలి. మన చట్టంలో కార్యనిర్వాహక అధికారం కమిషనరుది. మేయరు సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. కమిషనరును నియమించేది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వం. బదిలీ చేసేది? రాష్ట్ర ప్రభుత్వం. పెద్ద పనులకు నిధులు ఇచ్చేది? రాష్ట్రమో, కేంద్రమో. మేయరు తన డ్రైను తానే కట్టుకోలేరు. అలాంటప్పుడు రాష్ట్రంలో ప్రభుత్వం మారిన మరునాడు మేయరు ఏ గడప వైపు చూస్తారు? ఓటేసిన వాళ్ల వైపా, నిధులిచ్చే వాళ్ల వైపా? మనిషిని తప్పుపట్టే ముందు, ఆ మనిషిని కూర్చోబెట్టిన కుర్చీ ఎలా చేశారో చూడాలి.

ఇంకొక సంగతి గమనించారా? నూర్జహాన్, పావని, శివప్రసన్న, రాజమండ్రిలో 2014లో మేయరైన పంతం రజనీ శేషసాయి. 2014 నుంచి డెల్టాలోని ఈ మూడు కార్పొరేషన్లకు మేయర్లుగా ఎన్నికైన వాళ్లందరూ మహిళలే. రాజ్యాంగంలోని 243-టి అధికరణం వల్ల వచ్చిన రిజర్వేషన్లు ఈ తలుపు తెరిచాయి. నాకు చాలా సంతోషం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కౌన్సిల్ హాలులో మహిళా సభ్యులకు వేరే మరుగుదొడ్డి కూడా లేదు. కానీ ఏలూరు వార్తల్లో ఆమె పేరు ఎలా రాస్తారో చూడండి. ‘నూర్జహాన్ పెదబాబు’ అని, భర్త పేరు కలిపి. రెండుసార్లు నగరానికి మేయరైన మనిషికి తన పేరు ఒక్కటి చాలదా? అమ్మా, మీరు నవ్వుతున్నారు గానీ, ఇది మీ విషయమే.

సరే, రాజమండ్రి. దీని దగ్గర నా మనసు ఎక్కువ ఆగుతుంది.

1866 ప్రాంతంలో మన కాకినాడతో పాటే రాజమండ్రికీ పురపాలక సంఘం వచ్చింది. అప్పుడు ఎవరు నడిపేవారు? కలెక్టరు, ఆయన కింది అధికారులు. ఊరి పన్నులు ఊరివి, నిర్ణయాలు అధికారివి. 1882లో అప్పటి వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం తెచ్చాడు. 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఆ దారిలోనే ప్రభుత్వోద్యోగి కాని మనిషి, న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు రాజమండ్రి పురపాలక సంఘం అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురిలో ఒకరు, జనం ఆంధ్ర భీష్ముడని పిలుచుకున్న మనిషి. పరాయి పాలనలో, పరిమితమైన ఓటుతో అయినా సరే, కలెక్టరు కూర్చున్న చోట ఊరి మనిషి కూర్చున్నాడు. అది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి.

ఇప్పుడు? రాజమండ్రి కౌన్సిల్ గడువు 2019 జూలైలో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో పన్నెండు కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగితే అందులో రాజమండ్రి లేదు. కాకినాడ కౌన్సిల్ గడువు 2022 సెప్టెంబరులో ముగిసింది. ఈ రోజుకూ కొత్త కౌన్సిల్ లేదు. రెండు చోట్లా ప్రత్యేకాధికారి పాలన, అంటే కౌన్సిల్ బదులు ప్రభుత్వం నియమించిన అధికారి పాలన. అంటే 1882కు ముందు ఎవరు కూర్చున్నారో, అదే తరహా మనిషి మళ్లీ అదే కుర్చీలో ఉన్నారు. ఆ అధికారులు చెడ్డవాళ్లని కాదు. కొందరు పగలూ రాత్రీ పనిచేస్తారు, నేను చూశాను. కానీ వాళ్లను మనం ఎన్నుకోలేదు, మనం దించలేం.

రాజ్యాంగం ఏం చెబుతోంది? 74వ సవరణ 1993 జూన్ ఒకటిన అమల్లోకి వచ్చింది. 243-యు అధికరణం చదవండి. కౌన్సిల్ గడువు అయిదేళ్లు, అంతకు మించి లేదు. ఆ గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలి. పూర్తి కావాలి అని ఉంది, వీలైతే చూడండి అని లేదు. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. మనకు మాత్రం వార్డుల విభజన అంటారు, గ్రామాల విలీనం అంటారు, కోర్టు కేసు అంటారు. ఒక్కొక్క కారణం విడిగా చూస్తే నిజమే అనిపిస్తుంది. అన్నీ కలిపితే ఒక తరం పిల్లలు కార్పొరేటరు అనే మనిషిని చూడకుండా ఓటరు వయసుకు వస్తున్నారు.

ఒక సంఘటన చెప్పి ముగిస్తాను. మా ఊళ్లో అలాంటి ప్రత్యేకాధికారి కాలంలోనే జరిగింది. ఒక ముసలావిడ కౌన్సిల్ విభాగానికి వచ్చింది. చేతిలో అర్జీ కాగితం. వీధిలో మురుగు ఇంట్లోకి వస్తోందట. మన డెల్టా ఊళ్ల సంగతి మీకు చెప్పాలా? నేల చదును, సముద్రం దగ్గర. పోటు సమయంలో వాన పడితే డ్రైన్లు వెనక్కి తంతాయి. జగన్నాథపురం వంతెన మీద నిలబడి ఉప్పుటేరు చూసిన వాళ్లందరికీ తెలుసు. ఆవిడ “మా మెంబరుగారి సంతకం కావాలన్నారు, ఆయన ఎక్కడుంటారు బాబూ?” అని అడిగింది. నేను “మెంబరుగారు లేరమ్మా, కౌన్సిల్ లేదు” అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. “చనిపోయారా?” అని అడిగింది.

నేను ఏమీ చెప్పలేకపోయాను. అర్జీ తీసుకుని ఇన్‌వర్డ్ నంబరు వేసి ఇచ్చాను. ఆవిడ ఆ నంబరు కాగితాన్ని కొంగుకు ముడి వేసుకుని వెళ్లింది. మర్నాడు నేనే ఆ ఫైలు పట్టుకుని ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లాను. మా కార్యాలయం ఆ డ్రైనుకు అంచనా వేయడానికి ఎనిమిది నెలలు తీసుకుంది. ఈలోగా రెండు వానాకాలాల నీళ్లు ఆవిడ ఇంట్లోకి వెళ్లాయి. ఆ ఎనిమిది నెలల్లో ఆవిడ తరఫున మా హాలులో లేచి నిలబడి ‘ఎందుకు ఆలస్యం?’ అని అడిగే సభ్యుడు ఒక్కడుంటే, ఆ ప్రశ్నను నేను నా చేత్తో పుస్తకంలో రాసి ఉండేవాణ్ణి. పుస్తకంలో ఎక్కిన ప్రశ్నకు అధికారి జవాబు రాయాల్సిందే. ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి.

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. మీలో పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్ల పిల్లలు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. ఓటరు జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోండి, ఏ డివిజన్‌లో ఉందో కూడా చూసుకోండి. రేపు అభ్యర్థి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: “మీరు గెలిస్తే మేయరు ఎన్నికలో ఎవరికి చేయెత్తుతారు? అవిశ్వాసం వస్తే ఎటు ఎత్తుతారు?” జవాబు నలుగురి ముందు చెప్పించండి. చట్టం మనకు ఇవ్వని రెండో ఓటును అలాగైనా కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు.

ముందు వరుసలో మాస్టారు అప్పటి నుంచి చేయెత్తి ఉన్నారు. అడగండి మాస్టారూ, వాన పెద్దదయ్యేలోపు.